తోటి వ్యాపారులతో పరిచయాలు మీకు నిజంగా ఏమి నేర్పాయి?

చుక్కాని

అట్టపెట్టెలు తయారుచేసే చిన్న సంస్థను పదకొండేళ్లుగా నడుపుతున్నాను. మొదటి రెండేళ్లు వ్యాపారుల సమావేశం ఎక్కడ జరిగినా వెళ్లేవాడిని. ప్రతిసారీ జేబు నిండా విజిటింగ్ కార్డులు తెచ్చుకుని, మరునాడు అందరికీ ఒకే ఉత్తరం పంపేవాడిని. ఆ రెండేళ్ల శ్రమకు దక్కిన కొనుగోలుదారులు ఇద్దరే. వారిలో ఒకరు బాకీలో సగం ఎగవేశారు. అందువల్ల ఈ పరిచయాల వ్యవహారమంతా వృథా అని నిర్ణయించుకుని వెళ్లడం మానేద్దామనుకున్నాను.

నేను వెళ్లిన చివరి సమావేశాల్లో ఒకదాని నుంచి బయటికి వస్తుండగా, ముద్రణాలయం నడిపే ఒకావిడ నన్ను మామూలుగా ఒక ప్రశ్న అడిగారు: "మీరు ఇన్వాయిస్ ఇచ్చాక డబ్బు చేతికి రావడానికి సగటున ఎన్ని రోజులు పడుతోంది?" నాకు జవాబు తెలియలేదు. ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకుని లెక్క కడితే 74 రోజులని తేలింది. కాగితం మిల్లుకు మాత్రం నేను 30 రోజుల్లో చెల్లిస్తున్నాను. నా గిరాకీ పెరుగుతున్నకొద్దీ నా చేతిలో నగదు ఎందుకు తగ్గిపోతోందో, అంతవరకు ఎందుకు అప్పులు చేయవలసి వచ్చిందో ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూశాక గానీ అర్థం కాలేదు. ఆవిడ నా దగ్గర ఏమీ కొనలేదు, నాకు ఎవరినీ పరిచయం చేయలేదు. అయినా ఆ ఏడాది నా సంస్థ నిలబడిందంటే ఆ ప్రశ్న వల్లనే.

తరువాత ఆవిడతో కలిపి ఆరుగురం ఒక చిన్న బృందంగా ఏర్పడ్డాం. తొమ్మిదేళ్లుగా నెలకొకసారి కూర్చుని, ఒకరి లెక్కలు ఒకరికి చూపించుకుంటున్నాం. కొనుగోలుదారుల కోసం వెతుకుతూ వెళ్లిన నాకు, నా వ్యాపారాన్ని నాకంటే సూటిగా చూడగలిగే మనుషులు దొరికారు. పరిచయాల అసలు ప్రయోజనం ఇదేనని నా నమ్మకం. మీ అనుభవం ఇందుకు భిన్నంగా ఉంటే అది కూడా తెలుసుకోవాలని ఉంది.

తక్కెడ

చుక్కాని గారూ, మీరు చెప్పినదానికి గట్టి ఆధారం ఉంది. జింగ్ కై, ఆడమ్ సీడెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చైనాలోని నాన్‌చాంగ్ నగరంలో 2,820 చిన్న, మధ్యతరహా సంస్థలపై చేసిన ప్రయోగ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వారు చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా కొన్ని సంస్థలను ఎంపిక చేసి, వాటి నిర్వాహకులను సుమారు పదేసి మంది బృందాలుగా విడదీసి, ఏడాదిపాటు నెలనెలా కలుసుకునే ఏర్పాటు చేశారు; మిగిలిన సంస్థలకు అటువంటి ఏర్పాటు లేదు. కలుసుకున్న సంస్థల అమ్మకాలు మిగిలినవాటికంటే 8.1 శాతం ఎక్కువగా పెరిగాయి. సమావేశాలు ఆగిపోయిన ఏడాది తరువాత చూసినా ఆ మెరుగుదల నిలిచే ఉంది.

బృందాల కూర్పు కూడా యాదృచ్ఛికమే కావడంతో మరో సంగతి బయటపడింది. పెద్ద సంస్థలున్న బృందంలో పడిన సంస్థ ఎక్కువగా ఎదిగింది. అంతకంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన భాగం మరొకటి ఉంది. పరిశోధకులు కొందరు సభ్యులకు మాత్రమే ఒక ఆర్థిక పథకం గురించి సమాచారమిచ్చి, అది బృందంలోని మిగతావారికి చేరుతుందో లేదో గమనించారు. ఒకరు పొందితే మరొకరికి అవకాశం తగ్గని పథకం గురించిన కబురు బాగా పాకింది. ఒకరికి దక్కితే మరొకరికి పోటీ అయ్యే పథకం గురించిన కబురు అంతగా పాకలేదు, ముఖ్యంగా ఒకే సరుకు అమ్మే పోటీదారులు బృందంలో ఎక్కువగా ఉన్నచోట. కాబట్టి బృందంలో ఎవరెవరు ఉన్నారన్న దానిపైనే అక్కడ ఎంత నిజం పలుకుతారన్నది ఆధారపడుతుంది. మీ ఆరుగురిలో ఒకే రంగానికి చెందినవారు ఎవరైనా ఉన్నారా?

కొత్తదారి

నేను వ్యాపారం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. పనివాళ్లెవరూ లేరు, అనువాదాలు, ఉపశీర్షికలు చేసి ఇచ్చే పని అంతా నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను. పెద్ద సంస్థలున్న బృందంలో పడితే మేలని తక్కెడ గారు రాసింది చదివి నాకు సంతోషం కంటే బెరుకే ఎక్కువ కలిగింది. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారి ఎదుట కూర్చున్నప్పుడు వారికి నేను ఇవ్వగలిగినది ఏముంటుంది? ఎప్పుడు మాట్లాడినా చేయి చాపి అడుగుతున్నట్టే అనిపించి, రెండోసారి ఫోన్ చేయడానికి మనస్కరించదు. ఈ సంకోచం దాటినవారు ఎవరైనా ఉంటే ఎలా దాటారో చెప్పగలరా?

దారపుకండె

కొత్తదారి గారూ, ఇరవై ఆరేళ్లుగా దుస్తుల తయారీలో ఉన్నాను. ఇప్పుడు నన్ను సలహా అడిగేవారే ఎక్కువ కాబట్టి, అవతలి పక్క నుంచి ఆ పరిస్థితి ఎలా కనిపిస్తుందో చెబుతాను.

సలహా అడిగి వెళ్లిన పదిమందిలో తొమ్మిది మంది మళ్లీ కనిపించరు. నేను గంటసేపు ఆలోచించి చెప్పినదాన్ని వారు ఆచరించారో లేదో, ఆచరిస్తే ఏమైందో నాకు ఎప్పటికీ తెలియదు. ఒక కుర్రవాడు మాత్రం మూడు నెలల తరువాత ఒక చిన్న ఉత్తరం రాశాడు. పనివాళ్లకు రోజుకూలి బదులు ముక్కకు ఇంతని చెల్లించమని నేను చెప్పిన పద్ధతిని అమలుచేశాననీ, తయారీ పెరిగినా కుట్టులో లోపాలు కూడా పెరిగి తిరిగివచ్చిన సరుకు ఎక్కువైందనీ, అందువల్ల తనిఖీలో నెగ్గిన ముక్కలకే లెక్కగట్టేలా మార్చుకున్నాననీ అందులో ఉంది. నా సలహా సగమే సరైనదని ఆ ఉత్తరం నాకు నేర్పింది. మా యూనిట్‌లో కూడా అదే మార్పు చేశాను. అతను నాకు ఇచ్చినది అది. ఇప్పటికీ అతను ఫోన్ చేస్తే చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టి మాట్లాడతాను.

అడిగే తీరు గురించి కూడా ఒక మాట. "మీ అనుభవం గురించి తెలుసుకోవాలని ఉంది" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో అవతలివారికి తెలియదు. "ఒక ఖాతాదారు పని మొదలయ్యాక కోరికలు పెంచుతూ పోతున్నారు, అదనపు సొమ్ము మాట ఏ దశలో ఎత్తాలి?" అని అడిగితే పది నిమిషాల్లో పనికొచ్చే జవాబు వస్తుంది. సిద్ధపడి వచ్చిన ప్రశ్నలోనే ఎదుటివారి సమయం పట్ల గౌరవం కనిపిస్తుంది. అది యాచన కాదమ్మా.

నిప్పురవ్వ

చుక్కాని గారి బృందం పట్ల గౌరవంతోనే కొంత విభేదిస్తున్నాను. తొమ్మిదేళ్లుగా అదే ఆరుగురు కలుసుకుంటుంటే, ఒకరికి తెలిసినది మిగతా అయిదుగురికీ ఈపాటికి తెలిసే ఉంటుంది కదా? సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రతిపాదించిన వాదన ఇదే. మన ఆప్తులు మనం తిరిగే చోటే తిరుగుతారు కాబట్టి మనకు తెలిసినదే వారికీ తెలుస్తుంది. కొత్త కబురు ఎప్పుడో ఒకసారి కలిసే ముఖపరిచయస్తుల నుంచే వస్తుంది. పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని ఆయన విచారిస్తే, ఆ కబురు అందించిన మనిషిని తరచుగా కలుస్తున్నవారు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, అరుదుగా కలిసేవారు 27.8 శాతం.

నాకు ఇది స్వయంగా అనుభవమైంది. నేను వైద్య పరికరాలకు మరమ్మతు చేస్తాను. ఒక పరికరానికి విడిభాగాలు ఇచ్చే సరఫరాదారు ఉన్నట్టుండి వ్యాపారం మూసేస్తే, నా సన్నిహితులందరినీ అడిగి విసిగిపోయాను. చివరికి దారి చూపినది, రెండేళ్ల కిందట ఒక ప్రదర్శనలో పావుగంట మాట్లాడిన మనిషి. ఆయనది శీతలీకరణ యంత్రాల పని, నా రంగంతో సంబంధమే లేదు. ఆయన వాడే ఒక కవాటం నాకూ సరిపోతుందని ఆయనకు గుర్తుండబట్టి నా పని ఆగలేదు.

అయితే పెద్ద సమావేశాలకు వెళ్లినంత మాత్రాన కొత్తవారు పరిచయం కారన్నది కూడా నిజమే. పాల్ ఇంగ్రామ్, మైకేల్ మోరిస్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక సాయంకాలపు విందుకు వచ్చిన సుమారు వంద మంది వ్యాపార ప్రముఖులకు ఎలక్ట్రానిక్ బిళ్లలు తగిలించి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నమోదు చేశారు. కొత్తవారిని కలవడమే తమ ఉద్దేశమని ముందుగా చెప్పినవారే, తీరా అక్కడికి వెళ్లాక అంతకుముందే తెలిసినవారి వైపు మొగ్గారు. అందుకే ఏ సమావేశానికి వెళ్లినా మొదటి అరగంట తెలిసిన ముఖాల వైపు వెళ్లకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

తక్కెడ

నిప్పురవ్వ గారూ, గ్రానోవెటర్ లెక్కలు ఉద్యోగాలు వెతుక్కున్నవారివి. ఉద్యోగమనేది ఒక కబురు, అందితే చాలు. వ్యాపారంలో కబురుతో పాటు నమ్మకం కూడా కావాలి. మీ కవాటం సంగతి కబురు కాబట్టి ముఖపరిచయం సరిపోయింది. అదే పరిస్థితిలో మూడు నెలల సరుకు అరువు మీద ఇమ్మంటే ఆ పెద్దమనిషి ఇచ్చేవారా?

ఈ రెండింటి మధ్య పొత్తును బ్రయాన్ ఉజ్జీ అనే పరిశోధకుడు న్యూయార్క్ దుస్తుల సంస్థల్లో పరిశీలించి 1996లో ప్రచురించారు. సన్నిహిత సంబంధాలతో వ్యాపారం చేసే సంస్థలు మూతపడే అవకాశం తక్కువగా ఉంది, కానీ అది ఒక హద్దు వరకే. పూర్తిగా సన్నిహితుల మీదే ఆధారపడినవాటికి ఆ మేలు తిరగబడింది. సన్నిహితులు, కేవలం బేరంతో ముగిసే సంబంధాలు రెండూ కలగలిసి ఉన్నవే మెరుగ్గా నిలిచాయి. మీరిద్దరూ చెప్పినవి ఒకదానికొకటి విరుద్ధమైనవి కావని నా అభిప్రాయం.

గట్టుమీద

ఈ చర్చలో ఇంతవరకు రాని ఒక చేదు అనుభవాన్ని చెప్పాలి.

నేను ఇటువంటి చిన్న బృందంలోనే నాలుగేళ్లు ఉన్నాను. మా రాబడిలో మూడోవంతు ఇచ్చే ఖాతాదారు వెళ్లిపోబోతున్నారని తెలిసిన రోజున, ఆ బృందంలో మనసు విప్పి చెప్పుకున్నాను. రెండు వారాలు తిరగకముందే మా ప్రధాన సరఫరాదారు ఇకపై ముందస్తు చెల్లింపు ఉంటేనే సరుకు పంపుతామన్నారు. ఎవరో కావాలని చెప్పారని నేను అనుకోవడం లేదు. "పాపం, వారికి కష్టకాలం" అని సానుభూతితో అన్న మాటే చెవిన పడి ఉంటుంది. కానీ సానుభూతితో అన్నా, ద్వేషంతో అన్నా నా అరువు ఆగిపోయింది. ఖాతాదారు వెళ్లిపోవడం కంటే అరువు ఆగిపోవడమే మమ్మల్ని ఎక్కువ కుంగదీసింది. నలుగురు పనివాళ్లను పంపించవలసి వచ్చింది. ఆ తరువాత నేను ఏ బృందంలోనూ చేరలేదు.

చుక్కాని గారూ, మీరు తొమ్మిదేళ్లుగా లెక్కలు చూపించుకుంటున్నామన్నారు. ఆ మాటలు గడప దాటకుండా ఎలా కాపాడుకుంటున్నారు? ఈ విషయం కుతూహలం కొద్దీ అడగడం లేదు.

చుక్కాని

గట్టుమీద గారూ, మీకు జరిగినది చదివి చాలా బాధపడ్డాను. మేము కూడా మొదటి రోజు నుంచే జాగ్రత్తగా ఉన్నామని చెప్పలేను. రెండో ఏడాదిలో మా సభ్యుల్లో ఒకరు తమ ఇంట్లో మాట్లాడుతూ మరొకరి సంగతి ప్రస్తావించారు. అది తిరిగి తిరిగి సంబంధించిన మనిషి చెవిలోనే పడింది. బృందం అక్కడితో ముగిసిపోవలసినదే. తప్పు చేసిన సభ్యుడు దాచకుండా అందరి ముందూ ఒప్పుకోవడంతో నిలిచింది.

అప్పుడు పెట్టుకున్న కట్టుబాట్లే నేటికీ నడుస్తున్నాయి. ఇక్కడ విన్నది జీవిత భాగస్వామికి కూడా చెప్పకూడదు, "పేరు చెప్పను గానీ" అనే ముందుమాటతోనైనా సరే. లెక్కలు కాగితంపైనే చూపిస్తాం, చూసిన కాగితాన్ని తెచ్చినవారే తిరిగి తీసుకువెళ్తారు, ఫోన్ బృందంలో తేదీ, సమయం తప్ప ఏమీ రాయం. ఒకరి సరఫరాదారుతో మరొకరికి వ్యవహారం ఉంటే ఆ సంగతి ముందే అందరికీ తెలియాలి. మీ విషయంలో లోపించినది బహుశా ఈ చివరిదేనేమో. ఆ సరఫరాదారు మీ బృందంలో ఇంకెవరికైనా సరుకు ఇస్తున్నారేమో మీకే తెలియాలి.

తక్కెడ గారి ప్రశ్నకు జవాబు: ఒకే రంగం వారు మాలో లేరు. ముద్రణ, రవాణా, కలప సామాను, సాఫ్ట్‌వేర్, శిక్షణ, అట్టపెట్టెలు. ఇది మేము కనిపెట్టిన పద్ధతి కాదు. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి రోటరీని ప్రారంభించి, సభ్యుల కార్యాలయాల్లో వంతులవారీగా కలుసుకున్న తొలి రోజుల్లోనే ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకునే పద్ధతి మొదలైంది.

నిప్పురవ్వ గారు అన్నదీ కాదనలేను. ఈ మధ్య మా మాటల్లో కొత్తదనం తగ్గిన మాట వాస్తవం. ఏడాదికి రెండుసార్లు బయటివారిని ఒకరిని పిలిచి, లెక్కలు చూపకుండా మాట్లాడుకోవాలని మా వాళ్లతో ప్రతిపాదిస్తాను.

లెక్కపద్దు

నేను వ్యాపారిని కాను, చిన్న సంస్థలకు లెక్కలు, చట్టపరమైన పత్రాలు చూసే మనిషిని. ఒకే రంగం వారు కలిసినప్పుడు మరో ప్రమాదం ఉంటుంది. ఆడమ్ స్మిత్ 1776లోనే గుర్తించిన విషయమది: ఒకే వృత్తివారు వినోదానికి కలిసినా, సంభాషణ చివరికి ప్రజలకు వ్యతిరేకమైన కుట్రగానో ధరలు పెంచే ఉపాయంగానో ముగుస్తుందన్నారు. అమెరికాలో 1890 నాటి షెర్మన్ చట్టం మొదలుకుని నేడు అనేక దేశాల్లోని పోటీ చట్టాలు ధరల మీద, టెండర్ల మీద, ఖాతాదారులను పంచుకోవడం మీద పోటీదారులు కుదుర్చుకునే ఒప్పందాలను శిక్షార్హం చేశాయి. రాతపూర్వక ఒప్పందమే ఉండనక్కర లేదు. పోటీదారులతో కూర్చున్నప్పుడు భద్రత, శిక్షణ, కొత్త నిబంధనలు, యంత్రాల పనితీరు వంటివి ఎంతైనా మాట్లాడుకోవచ్చు. వచ్చే నెల ధర ఎంత పెడుతున్నారనే మాట ఎవరెత్తినా అక్కడి నుంచి లేచి రావడం మంచిది. మౌనంగా కూర్చుని విన్నా చిక్కే.

దారపుకండె

పరిచయం చేసే విషయంలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఒకటుంది. ఎవరైనా ఫలానావారితో కలపమంటే వెంటనే ఫోన్ నంబరు ఇచ్చేసేవాడిని, అదే ఉదారత అనుకునేవాడిని. ఒకసారి అలా పంపిన మనిషి, నా పేరు చెప్పుకుని నా స్నేహితుడి దగ్గర సరుకు అరువు తీసుకుని ముఖం చాటేశాడు. స్నేహితుడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ తరువాత నేను పంపిన ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. పరిచయం చేయడమంటే ఒక విధంగా పూచీ పడటమే. ఇప్పుడు ముందుగా అవతలివారిని అడుగుతాను: ఫలానా మనిషి ఫలానా పనికి కలవాలంటున్నారు, అతని పని గురించి నాకు తెలిసినది ఇంత, తెలియనిది ఇంత, మీకు ఇష్టమేనా అని. వద్దంటే, ఆ మాట వారి మీద పడకుండా నేనే సర్దిచెబుతాను. దీనివల్ల నేను చేసే పరిచయాలు తగ్గాయి గానీ, చేసినవాటిని జనం నమ్ముతున్నారు.

కొత్తదారి

దారపుకండె గారూ, మీ మాటలు చదివాక, ఆరు నెలల కిందట నాకు సలహా ఇచ్చిన ఒక పెద్దావిడకు నిన్న ఉత్తరం రాశాను. ఆవిడ చెప్పినట్టు ఖాతాదారుల దగ్గర సగం సొమ్ము ముందుగా తీసుకోవడం మొదలుపెట్టాననీ, ఇద్దరు వెళ్లిపోయారనీ, మిగిలినవారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారనీ రాశాను. గంటలోనే జవాబు వచ్చింది, వెళ్లిపోయిన ఇద్దరూ ఎలాంటివారని ఆవిడ నన్ను అడిగారు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇతరుల ఎదుగుదల గురించి విన్న రాత్రులు నాకు నిద్ర పట్టదు. వారు చెప్పేది అమ్మకాల సంగతే గానీ లాభం సంగతి కాదని తెలిసినా మనసు ఊరుకోదు. మీ బృందంలో ఇది ఎదురైందా, చుక్కాని గారూ? నాలాగే ఒంటరిగా పనిచేసే నలుగురిని పిలిచి ఒక బృందం మొదలుపెడదామనుకుంటున్నాను. మొదటి రోజున ఏమి మాట్లాడుకోవాలి?

చుక్కాని

ఎదురైంది, ఇప్పటికీ అప్పుడప్పుడు ఎదురవుతుంది. మాలో సాఫ్ట్‌వేర్ ఆయన ఏడాదిలో రెట్టింపు అయ్యారని విన్న రోజున నేను ముభావంగా ఇంటికి వచ్చాను. మరుసటి నెల ఆయన పుస్తకాలు చూపించినప్పుడు, ఆ రెట్టింపు కోసం ఇల్లు తాకట్టు పెట్టారని తెలిసింది. పైకి వినిపించే అంకె వెనుక ఉన్న అంకెలు చూసే వీలున్నచోట అసూయ ఎక్కువకాలం నిలవదని నాకు అనిపిస్తుంది. చూసే వీలు లేనిచోట వినిపించే గొప్పలను నేను ఇప్పుడు పట్టించుకోను.

మొదటి రోజు గురించి: బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో ఫిలడెల్ఫియాలో కొద్దిమంది మిత్రులతో జుంటో అనే సంఘం పెట్టినప్పుడు, ప్రతి సమావేశంలోనూ అందరూ జవాబివ్వవలసిన ప్రశ్నలను ముందే రాసిపెట్టుకున్నారు. ఈ మధ్య ఎవరైనా వ్యాపారంలో దెబ్బతిన్నారా, అందుకు కారణం ఏమని విన్నారు? ఎవరైనా బాగా పైకి వచ్చారా, ఏ మార్గంలో? కొత్తగా దుకాణం పెట్టిన యోగ్యులు ఎవరైనా ఉంటే వారికి మనం చేయగలిగినది ఏమిటి? అప్పటికి ఫ్రాంక్లిన్ కూడా కొత్తగా స్వంత ముద్రణాలయం పెట్టుకోబోతున్న యువకుడే. ఆయన తొలినాటి ముద్రణ పనుల్లో ఒకటి ఆ సంఘ సభ్యుడి ద్వారానే వచ్చింది.

మీ అయిదుగురికీ అన్ని ప్రశ్నలు అక్కరలేదు. ఒక్కొక్కరు మూడు అంకెలు తీసుకురండి: చేతిలో ఉన్న సొమ్ము ఎన్ని నెలలకు సరిపోతుంది, ఇన్వాయిస్ ఇచ్చాక డబ్బు రావడానికి ఎన్ని రోజులు పడుతోంది, మొత్తం రాబడిలో అతి పెద్ద ఖాతాదారు వాటా ఎంత శాతం. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. మొదటి పది నిమిషాలు ఎవరూ సలహా చెప్పకూడదు, ప్రశ్నలు మాత్రమే అడగాలి. విడిపోయే ముందు తరువాతి తేదీ ఖరారు చేసుకోండి.

కొత్తదారి

మొదటి అంకె ఇప్పుడే లెక్క కట్టాను: రెండు నెలల పది రోజులు. మూడోది 61 శాతం వచ్చింది, ఇది ఇంత ఎక్కువని నాకు తెలియదు. రెండోదాని కోసం పాత ఇన్వాయిస్‌లు బయటికి తీస్తున్నాను. నలుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు.

గట్టుమీద

కొత్తదారి గారూ, ఆ నాలుగో మనిషి రాలేకపోతే నాకు తెలియజేయండి. మీది అనువాదం, నాది రంగుల తయారీ. మన సరఫరాదారులు ఎక్కడా కలవరు.